2006 మినీ కూపర్ ఎస్: సూపర్‌ఛార్జర్ కోసమే కొన్నాను

పిల్లల్ని స్కూల్లో దింపడానికి, కాస్ట్‌కోకి వెళ్లిరావడానికి మా ఇంట్లో పెద్ద బండి ఒకటి ఉంది. ఎర్ర రంగు 2006 మినీ కూపర్ ఎస్ మాత్రం పూర్తిగా నాది. ఆరు వేల అయిదు వందల డాలర్లకి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. "ఇంత పాత కారు ఎందుకండీ?" అని మా ఆవిడ అడిగితే నేను చెప్పిన జవాబు ఒక్కటే. దీని ఇంజిన్‌కి సూపర్‌ఛార్జర్ ఉంది, అంటే సిలిండర్లలోకి గాలిని ఎక్కువగా కూరే, బెల్టుతో తిరిగే పంపు. తర్వాత వచ్చిన మోడల్‌కి అది లేదు. 2007 నుంచి హ్యాచ్‌బ్యాక్ కూపర్ ఎస్‌లో దాని బదులు పొగ బలంతో తిరిగే టర్బో పెట్టేశారు. సూపర్‌ఛార్జర్ కావాలంటే ఇక్కడ అమెరికాలో 2002 నుంచి 2006 దాకా వచ్చిన బళ్లే వెతుక్కోవాలి. మినీ ఇష్టపడేవాళ్లు వీటిని ఆర్53 అంటారు.

మేం ఉండేది జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన కమింగ్‌లో. 400 హైవే ఎక్కి పైకి వెళితే డలోనెగా వస్తుంది. అక్కణ్ణుంచి సచెస్ దాకా 60వ నంబరు రోడ్డు కొండల్లో మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ఈ కారు ఎలాంటిదో తెలియాలంటే ఆ రోడ్డు మీద నడపాలి. మూడో గేరు, మూడు వేల ఆర్పీఎం, సగం మలుపులో ఉన్నాం అనుకోండి. యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే అప్పటికప్పుడే కొంచెం లాగుతుంది. ఇంకొంచెం నొక్కితే ఇంకొంచెం. కాలు ఎంత అడిగితే బండి అంత ఇస్తుంది, అడిగిన క్షణంలోనే ఇస్తుంది. పాత టర్బో కార్లు నడిపినవాళ్లకి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. వాటిలో నొక్కాక ఒక్క క్షణం ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా ముందుకి తోస్తుంది. మలుపులో ఉండగా అలా తోస్తే స్టీరింగ్ సర్దుకోవాల్సి వస్తుంది. ఈ కారుతో ఆ టెన్షన్ లేదు.

పైగా ఆ చప్పుడు! నాలుగు వేలు దాటాక బానెట్ కింద నుంచి సన్నటి ఈల మొదలై, ఆర్పీఎంతో పాటే పైకి పోతుంది. కిటికీ అద్దం దించుకుని కొండ అంచు పక్కనే వెళ్తుంటే రాతికి తగిలి ఆ ఈల తిరిగి వినిపిస్తుంది. మా పెద్దవాడికి కారు మొత్తంలో నచ్చింది అదొక్కటే.

ఇంత నచ్చడానికి వెనకున్న లెక్క చెప్పకుండా ఈ రివ్యూ రాయలేను. ఇంజిన్ 1598 సీసీ, నాలుగు సిలిండర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) ఒక చుట్టు తిరిగితే రెండు సిలిండర్లే గాలి పీలుస్తాయి, అంటే దాదాపు 800 సీసీ. దీనికి బిగించిన సూపర్‌ఛార్జర్ ఈటన్ కంపెనీది, పేరు ఎం45. ఆ 45 ఘనపు అంగుళాల లెక్క. లోపలి రోటర్లు (రెక్కల దిమ్మెలు) ఒక చుట్టు తిరిగితే 737 సీసీ గాలి ఇటు నుంచి అటు పోతుంది. బెల్టు దాన్ని క్రాంక్ కంటే సుమారు రెట్టింపు వేగంతో తిప్పుతుంది. అంటే క్రాంక్ ఒక్క చుట్టుకి సూపర్‌ఛార్జర్ పంపే గాలి దాదాపు 1,470 సీసీ, ఇంజిన్‌లో ఉన్న చోటేమో 800 సీసీ. మిగిలిన గాలికి బయటికి పోయే దారి లేదు. సిలిండర్లకి గాలి అందించే గొట్టాల్లోనే, అంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోనే ఇరుక్కుని ఒత్తిడిగా మారుతుంది. బూస్ట్ అంటే అదే. రోటర్ల సందుల్లోంచి కొంత గాలి వెనక్కి జారుతుంది, వేడెక్కడం వల్ల ఒత్తిడి కొంత పెరుగుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి పోను, పూర్తిగా నొక్కినప్పుడు రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) దగ్గర 11, 12 పీఎస్‌ఐ ఒత్తిడి కనిపిస్తుంది. మామూలు వాతావరణ ఒత్తిడికి మరో 0.8 బార్ కలిపినట్టు. 1,470ని 800తో భాగించి చూడండి, దాదాపు 1.8 వస్తుంది, అంటే వాతావరణ ఒత్తిడి ఒకటి, దానిపైన 0.8. లెక్క చక్కగా కుదురుతుంది. కాగితం మీద వేసిన లెక్క కాలి కింద అలాగే తగిలే యంత్రాలంటే నాకు చాలా ఇష్టం.

ఇంత గాలి కూరతారు కాబట్టే సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందన్న లెక్క) తగ్గించారు. సూపర్‌ఛార్జర్ లేని మామూలు కూపర్‌లో 10.6:1 ఉంటే ఇందులో 8.3:1. అదే 1.6 లీటర్ల ఇంజిన్ కూపర్‌లో 115 హార్స్‌పవర్ ఇస్తే ఇందులో 168 ఇస్తుంది. బ్రెజిల్‌లో తయారైన ఇంజిన్ ఇది. బీఎండబ్ల్యూ, క్రైస్లర్ కలిసి అక్కడ పెట్టిన ఫ్యాక్టరీ నుంచి ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ వెళ్లి మినీలో కూర్చుంది. ఈటన్ సూపర్‌ఛార్జర్లు తయారుచేసిన ఫ్యాక్టరీ అయితే మా జార్జియాలోనే, ఏథెన్స్‌లో ఉంది.

ఈ మెషీన్ నాకు కొత్తది కాదు. మా మేనమామ ఉప్పాడ వైపు రొయ్య పిల్లల హేచరీలో పనిచేసేవాడు. సెలవులకి వెళ్లినప్పుడు షెడ్డులో మోటారుకి బెల్టు తగిలించిన ఒక లావుపాటి ఇనప డబ్బా రాత్రీ పగలూ హోరుమంటూ ఉండేది. ట్యాంకుల్లోకి గాలి పంపే బ్లోయర్ అది. కరెంటు పోతే మావయ్య అన్నం ముందు నుంచి లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తేవాడు. గాలి ఆగితే పిల్లలు చచ్చిపోతాయి మరి. అక్కడ అందరూ దాన్ని రూట్స్ బ్లోయర్ అనేవాళ్లు. 1860లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అనే అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్న యంత్రం. నా మినీ బానెట్ కింద ఉన్నదీ ఆ జాతిదే. రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకదాన్నొకటి తాకవు. గాలిని మధ్యలోంచి కాక, రోటరుకీ బయటి గోడకీ మధ్య ఉన్న ఖాళీలో పట్టుకుని చుట్టూ తిప్పి అవతల వదిలేస్తాయి. హేచరీ బ్లోయర్ రోటర్లకి రెండేసి రెక్కలు, తిన్నగా ఉండేవి. ఈటన్ వాటికి మూడేసి రెక్కలు, పైగా మెలితిప్పి ఉంటాయి. గాలి కుదుపుగా కాకుండా ఒరవడిగా పోవడానికి, చప్పుడు తగ్గడానికి ఆ మెలిక.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బెల్టుతో తిరిగే సూపర్‌ఛార్జర్‌కి ఆగడమనేది లేదు. హైవే మీద నిదానంగా పోతున్నా, సిగ్నల్ దగ్గర నిలబడినా తిరుగుతూనే ఉంటుంది. అవసరం లేనప్పుడు కూడా గాలిని ఒత్తిడి చేస్తూ కూర్చుంటే ఇంజిన్ బలం వృథా, పెట్రోలు వృథా. కొన్ని కార్లలో దీనికి ఏసీ కంప్రెసర్‌కి ఉన్నట్టు క్లచ్ పెట్టారు. మినీలో క్లచ్ లేదు. ఆ పని మొత్తం ఒక బైపాస్ వాల్వు చూసుకుంటుంది. నన్నడిగితే ఈ కారులో అన్నిటికంటే తెలివైన భాగం అదే, కానీ దాని గురించి ఎవరూ మాట్లాడరు.

సూపర్‌ఛార్జర్‌లోకి గాలి వచ్చే దారికీ, దాన్నుంచి వెళ్లిన దారికీ మధ్య ఒక అడ్డదారి ఉంది. ఆ దారికి తలుపు లాంటి చిన్న రేకు, దాన్ని తిప్పే రబ్బరు డయాఫ్రం, మూసి పట్టుకునే స్ప్రింగు. ఇంజిన్‌లోకి ఎంత గాలి పోవాలో చూసే రేకు, అంటే థ్రాటిల్, సూపర్‌ఛార్జర్ కంటే ముందు ఉంటుంది. మనం కాలు తేలిగ్గా పెట్టినప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని, దాని వెనక వ్యాక్యూమ్ ఏర్పడుతుంది. ఆ వ్యాక్యూమే డయాఫ్రంని లాగి తలుపు తెరుస్తుంది. అప్పుడు సూపర్‌ఛార్జర్ పంపిన గాలిలో ఎక్కువైనది అడ్డదారిన మళ్లీ మొదటికి వచ్చేస్తుంది. రోటర్లు తిరుగుతాయి కానీ వాటి మీద భారం ఉండదు. యాక్సిలరేటర్ నొక్కగానే థ్రాటిల్ తెరుచుకుని వ్యాక్యూమ్ పోతుంది, స్ప్రింగు తలుపు మూసేస్తుంది, గాలికి సిలిండర్లు తప్ప వేరే దారి ఉండదు. సగం నొక్కితే తలుపు సగంలో ఉంటుంది, బూస్ట్ కూడా ఆ మేరకే. మలుపులో కాలు అడిగినంతే ఇస్తుందన్నానే, అది దీని పుణ్యమే. వేగంగా పోతూ ఒక్కసారిగా కాలు తీసేస్తే మూసుకున్న థ్రాటిల్ వెనక మళ్లీ వ్యాక్యూమ్ వచ్చి తలుపు తెరుచుకుంటుంది, లోపల చిక్కుకున్న ఒత్తిడి కూడా ఆ దారినే సర్దుకుంటుంది. కంప్యూటర్ ప్రమేయం లేకుండా గాలే తన దారి తాను తెరుచుకునే ఈ ఏర్పాటు చూస్తే, గీసిన ఇంజినీరుకి దండం పెట్టాలనిపిస్తుంది.

సర్వీసు చేయించినప్పుడు ఆ వాల్వుని కళ్లారా చూశాను. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆర్53 కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు విషయం అక్కడే ఉంది. సూపర్‌ఛార్జర్‌కి రెండు చివర్లా గేర్లున్నాయి. పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) వైపు గేర్లు రెండు రోటర్లనీ ఒకదానికొకటి తగలకుండా జతగా తిప్పుతాయి. రెండో చివర ఉన్న గేర్లు ఇంజిన్ వాటర్ పంపుని తిప్పుతాయి. అవును, ఈ కారులో వాటర్ పంపు సూపర్‌ఛార్జర్ చివరన తగిలించి ఉంటుంది. ఈ రెండు చివర్లకీ విడివిడిగా నూనె ఉంటుంది, ఇంజిన్ ఆయిల్‌తో సంబంధం లేదు. రెండిటికీ కలిపి ఒక కాఫీ కప్పుకి మించి పట్టదు. కంపెనీ సర్వీసు పట్టికలో దాన్ని మార్చమని ఎక్కడా లేదు, జీవితాంతం అదే సరిపోతుందన్న ఉద్దేశం. ఇరవై ఏళ్ల బండికి ఆ మాట చెల్లదు. పంపు వైపు నూనె అయిపోతే ముందు ఆ గేర్లు అరుగుతాయి, తర్వాత పంపు ఆగుతుంది, ఆపైన ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల మీద మూతకి వేసే సీలు) దాకా పోతుంది.

ముందు ఒక వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే, పాతది విప్పడం దండగ, సూపర్‌ఛార్జర్ మొత్తం కొత్తది వేసుకోమన్నారు. విప్పి చూడకుండా చెప్పే మాట నాకు నచ్చలేదు. మినీలే ఎక్కువగా చేసే ఒక చిన్న గ్యారేజీకి తీసుకెళ్లాను. ఆ మెకానిక్ ముందు బంపర్ తీసి, రేడియేటర్ ఉన్న భాగమంతా ముందుకి జరిపి, సూపర్‌ఛార్జర్‌ని బయటికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పుల్లీ వైపు ప్లగ్గు విప్పితే ముదురు గోధుమ రంగు నూనె సన్నటి ధారగా కారింది. అది ఫరవాలేదన్నాడు. పంపు వైపు విప్పాడు. నల్లగా, చిక్కగా, నాలుగు చుక్కలు గుడ్డ మీద పడి ఆగిపోయాయి. వాసనకి నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన టార్చి వేసి గేరు పళ్లు ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. అంచులు మెరుస్తున్నాయి కానీ సన్నబడలేదు. ఇంకో వేసవి దాటితే చెప్పలేనన్నాడు. సూపర్‌ఛార్జర్ల కోసమే అమ్మే సింథటిక్ నూనె రెండు వైపులా పోశాడు, సీళ్లూ వాటర్ పంపూ కొత్తవి వేశాడు. కొత్త సూపర్‌ఛార్జర్ వేస్తే అయ్యే ఖర్చులో సగం కూడా కాలేదు.

బైపాస్ వాల్వుని కూడా బల్ల మీదే పరీక్షించాడు. చేత్తో నొక్కే చిన్న వ్యాక్యూమ్ పంపుని దాని గొట్టానికి తగిలించి రెండు సార్లు నొక్కాడు. కడ్డీ మెల్లగా కదిలి తలుపు తెరుచుకుంది. అలాగే పట్టుకుని కాసేపు ఆగాడు, కడ్డీ కదల్లేదు. అంటే డయాఫ్రం చిరగలేదు. వదలగానే స్ప్రింగు టక్కున మూసేసింది. స్ప్రింగు నీరసించి తలుపు పూర్తిగా మూసుకోకపోతే బూస్ట్ అడ్డదారిన పోతూనే ఉంటుంది. బండి లాగడం లేదని జనం ఊరికే స్పార్క్ ప్లగ్గులు మారుస్తూ ఉంటారు.

ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం వేడి. రూట్స్ రకం గాలిని లోపల కుదించదు, అవతలికి తోస్తుంది అంతే. ఒత్తిడిగా ఉన్న మ్యానిఫోల్డ్‌లోంచి గాలి వెనక్కి ఎగదన్నినప్పుడే కుదింపు జరుగుతుంది, అందువల్ల వేడి ఎక్కువ. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఇంజిన్ నెత్తిన పడుకుని ఉంటుంది, బానెట్ మీదున్న రంధ్రం దానికి గాలి అందించడానికే. బానెట్ కింద చోటు చాలక బ్యాటరీని డిక్కీలోకి పంపారు. బండి కదులుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. జులైలో 400 మీద ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కున్నాక మాత్రం ఇంటర్‌కూలర్ కింది ఇంజిన్ వేడి తాగేసి ఉంటుంది, ఆ తర్వాత కాసేపు లాగుడు మందగిస్తుంది. ఉదయం ఆరింటికి చల్లగాలిలో బయల్దేరి చూడండి, అదే బండి వేరేలా ఉంటుంది.

చాలామంది చేయించే మార్పు గురించి కూడా నా అభిప్రాయం చెబుతాను. సూపర్‌ఛార్జర్ పుల్లీ తీసేసి 15 శాతం చిన్నది వేస్తారు. పుల్లీ అంత తగ్గితే సూపర్‌ఛార్జర్ వేగం 17 శాతానికి పైగా పెరుగుతుంది, గాలీ బూస్టూ అదే దారిలో పెరుగుతాయి. అలాంటి బండి ఒక స్నేహితుడిది నడిపాను. మూడు వేల నుంచే బలం తేడా స్పష్టంగా తెలుస్తుంది, ఈల ఇంకా పెద్దగా ఉంటుంది. అయినా నేను వేయించుకోను. అసలే వేడి ఎక్కువ పుట్టే మెషీన్‌ని ఇంకా వేగంగా తిప్పితే ఆ వేడిని తట్టుకోవాల్సింది అదే చిన్న ఇంటర్‌కూలర్, అవే గేర్లు, అదే కప్పు నూనె. ఆ డబ్బుతో నూనె, సీళ్లు, పంపు పని ముందు చేయించుకోండి. అదయ్యాక మీ ఇష్టం.

టర్బోతో పోలిస్తే ఎలా ఉంటుందని మా తమ్ముడు విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు. వాడిది కొత్త టర్బో పెట్రోలు కారు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే అంకెల్లో టర్బోదే పైచేయి. టర్బో తిరిగేది బయటికి పోయే పొగ బలంతో. సూపర్‌ఛార్జర్ మాత్రం తాను తిరగడానికి క్రాంక్ నుంచే బలం తీసుకుంటుంది. 2007 టర్బో కూపర్ ఎస్ 1,600 ఆర్పీఎం నుంచే 240 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. నాది నాలుగు వేల దగ్గర 220. మైలేజీలో కూడా టర్బోదే మెరుగు. నాకు కమింగ్ చుట్టుపక్కల లీటరుకి 11 కిలోమీటర్లు వస్తోంది, అదీ ప్రీమియం పెట్రోలు పోస్తే. ఆఫీసుకి రోజూ యాభై మైళ్లు తిరిగేవాళ్లు ఈ కారు జోలికి రాకండి. కాలికీ చక్రాలకీ మధ్య ఆలస్యం లేని బండి కావాలి, వారాంతం కొండలెక్కాలి అనుకునేవాళ్లకి మాత్రం టర్బో కూపర్ ఎస్ దీనికి సాటి రాదని గట్టిగా చెబుతాను.

మిగతావి క్లుప్తంగా. సీటింగ్ ముందు ఇద్దరికి బాగుంటుంది, వెనక పిల్లలు మాత్రమే పడతారు. సస్పెన్షన్ గట్టిది, మా అత్తగారు ఒక్కసారి ఎక్కి మళ్లీ ఎక్కనన్నారు. ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ చేతికి ఎంతో హాయిగా ఉంటుంది. ఆటోమేటిక్ వద్దు. స్టెప్నీ ఉండదు.

కొనడానికి వెళ్లినప్పుడు బానెట్ తెరిచి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాటర్ పంపు వైపు చెవి పెట్టండి. సన్నటి ఈల మంచిదే. గరగరమన్నా, గులకరాళ్లు కదిలినట్టు వినిపించినా ఆ గేర్లు ఎండిపోతున్నాయని అర్థం. క్రాంక్ పుల్లీని టార్చి వేసి చూడండి. అది రెండు రింగులు, మధ్యలో రబ్బరు. రబ్బరు పగిలితే బయటి రింగు జారుతుంది, బెల్టు సరిగ్గా తిరగదు, బూస్ట్ రాదు. సూపర్‌ఛార్జర్ నూనె ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే ఆ పని ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. మీ ఊళ్లో మంచి హ్యాచ్‌బ్యాక్ దొరక్కపోతే కన్వర్టిబుల్ చూడండి, అందులో ఈ సూపర్‌ఛార్జర్ ఇంజినే 2008 దాకా కొనసాగింది. బరువు ఎక్కువ కాబట్టి పికప్ కొంచెం తగ్గుతుంది కానీ, టాప్ దించితే ఆ ఈల ఇంకా బాగా వినిపిస్తుంది.